సీలు వేసిన కోడిపిల్లలు

విమానాశ్రయంలో సరుకుల షెడ్డుకి ఆయన ఇన్‌చార్జి. ఆయన అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. లోడర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన సీళ్లాయనే. పెట్టె షెడ్డులోకి వచ్చాక తాడు లాగి చూసి, చీటీ చదివి, మళ్లీ ఒకసారి తాడు లాగి చూసి, అప్పుడు గాని సీసపు బిళ్ల పెట్టి నొక్కేవాడు కాదు. నొక్కాక మాత్రం బ్రహ్మదేవుడు దిగివచ్చి విప్పమన్నా విప్పేవాడు కాదు. "సీలు పడ్డాక అది మనది కాదు. పంపినవాడిదీ, అందుకునేవాడిదీ. మధ్యలో మనం గోడల్లాంటి వాళ్లం" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఇంట్లోనూ అదే వరస. పంచదార డబ్బా మూత వదులుగా ఉందనీ, వెనక తలుపు గడియ సగమే పడిందనీ రోజూ భార్య మీద గునిసేవాడు. ఆవిడ హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పాతిక మంది చేత పని చేయించే మనిషి. మొగుడి గునుసుడు ఆవిడకి ఒక లెక్క కాదు. "డబ్బాకి కూడా ఓ సీలు వేసి వెళ్లండి. చీమలు చదువుకుని వెనక్కి పోతాయి" అనేది.

అలాంటి మనిషికి వచ్చిపడిన కష్టం ఇది.

ఆ రోజు పొద్దున్నే కోడిపిల్లలు వచ్చాయి. ముందురోజు గుడ్లలోంచి బయటపడ్డ పిల్లలు. చిల్లులున్న అట్టపెట్టెల్లో పెట్టెకి వంద చొప్పున నాలుగువేలు. సముద్రం అవతల ఒక కోళ్లఫారం వాళ్లు తెప్పించుకుంటున్నారు. ఇలాంటి సరుకు షెడ్డుకి కొత్తేమీ కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పొట్టలో పచ్చసొన కాస్త మిగిలి ఉంటుంది. దాంతో రెండుమూడు రోజులు మేతా నీళ్లూ లేకుండా బతికేస్తుంది. అందుకే ఇన్ని దేశాలు దాటించగలుగుతున్నారు. పశువుల డాక్టరు అప్పటికే పరీక్ష చేసి, సంతకం పెట్టి, వేరే ఊళ్లో ఏదో సమావేశం ఉందని విమానం ఎక్కి వెళ్లిపోయాడు. సీళ్లాయన తాళ్లు లాగి చూసి సీళ్లు నొక్కాడు. మధ్యాహ్నం విమానానికి ఎక్కించాలి.

మధ్యాహ్నం విమానం రాలేదు. ఎక్కడో రెండు సముద్రాల అవతల ఒక అగ్నిపర్వతం పేలిందట. దాని బూడిద మేఘమై ఇటు కొట్టుకొస్తోందట. విమానాలన్నీ ఆపేశారని మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు.

సీళ్లాయన షెడ్డు బయటికొచ్చి తలెత్తి చూశాడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మబ్బుతునక లేదు. ఎండ చుర్రుమంటోంది. ఆ నీలాన్ని చూస్తుంటే ఆయనకి ఒళ్లు మండింది. తుఫాను వచ్చిందంటే అర్థం ఉంది, పొగమంచు పట్టిందంటే అర్థం ఉంది. ఇంత తెల్లటి ఎండలో నాలుగువేల ప్రాణాల్ని షెడ్డులో పెట్టుకుని కనపడని బూడిద కోసం ఎదురుచూడమంటే ఎలా?

ఎప్పటిదాకా అని మేనేజర్ని అడిగాడు. సాయంత్రం కబురు వస్తుందన్నాడు మేనేజరు. ఆ కబురు ఒక తమాషా. బూడిద ఎటు పోతోందో చూసేవాళ్లు ఎక్కడో ఉంటారు. ఆరుగంటలకోసారి వాళ్లు ఒక పటం పంపిస్తారు. పటంలో మేఘం చుట్టూ గీత గీసి ఉంటుంది. సాయంత్రం పటంలో ఆ గీత వీళ్ల ఊరి మీంచి పోయింది. రేపు పొద్దున తేలుతుంది అన్నారు. పొద్దున ఇంకో పటం, ఇంకో గీత. మధ్యాహ్నానికి తేలుతుంది అన్నారు. వారం రోజులు పడుతుందని మొదటిరోజే ఎవరైనా ముఖాన కొట్టినట్టు చెప్పి ఉంటే ఆయన ఏదో ఒకటి చేసేవాడు. ఈ ఆరేసి గంటల ఆశ మాత్రం మనిషిని అడుగు ముందుకీ పడనివ్వదు, వెనక్కీ పడనివ్వదు.

వెనక్కి పంపేద్దామని పిల్లల్ని పొదిగించినతనికి ఫోన్ చేశాడు. అతను చచ్చినా వద్దన్నాడు. ఒకసారి గేటు దాటిన పిల్ల తిరిగి లోపలికి రాకూడదట. బయటి రోగం ఏదైనా అంటుకొస్తే లోపల లక్షల గుడ్లు పోతాయట. ఆ మాట న్యాయమే, కాదనడానికి లేదు. న్యాయమైన మాటలన్నీ అలా కూడబలుక్కుని ఒకేసారి తన నెత్తిన పడుతున్నందుకే సీళ్లాయనకి విసుగు. ఫోన్ పెట్టేసే ముందు అతను ఒక మాట చెప్పాడు.

"పిల్లలు అరుస్తున్నంతసేపూ భయం లేదు సార్. నోరు మూశాయంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యకండి, పెట్టెలు తెరవండి."

సరే, తెరుద్దామంటే అనుమతి పశువుల డాక్టరు ఇవ్వాలి. డాక్టరేమో వెళ్లిన ఊళ్లో ఇరుక్కుపోయాడు. అక్కడ విమానాశ్రయం కుర్చీలో కూర్చుని ఉన్నాడట. కళ్లతో చూడకుండా అనుమతి ఇవ్వకూడదని ఆయన ఫోన్లో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. వచ్చి చూడండి అన్నాడు సీళ్లాయన. విమానాలు లేవు కదా ఎలా రాను అన్నాడు డాక్టరు. విమానాలు లేకపోబట్టే కదా తెరవాల్సి వస్తోంది అన్నాడు సీళ్లాయన. ఆ సంభాషణ అలా గానుగెద్దులా మూడుసార్లు తిరిగి, ఫోన్లో చార్జింగు అయిపోయి ఆగింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. కాని నిర్ణయం అంటే ఆయనకి పొయ్యి మీది గిన్నె లాంటిది. ఎవరైనా గుడ్డ తెచ్చి ఇస్తే గాని ముట్టుకోడు. "మీ అనుభవం ముందు నేనెంత, మీరే చూడండి" అనేవాడు. అయితే తెరిచెయ్యనా అంటే, "నేను తెరవమన్నానని మాత్రం అనకండి" అనేవాడు.

మొదటి రెండు రోజులూ సీళ్లాయన పెట్టెల వరసల మధ్య తిరుగుతూనే గడిపాడు. అన్ని పిల్లలు కలిసి అరుస్తుంటే ఆ శబ్దం తగరపు కప్పుకి తగిలి తిరిగి నెత్తిన పడేది. పిల్లలకి గాలి ఆడాలి, కాని గాలి కొట్టకూడదు. ఒక తలుపు తీస్తే రాత్రిళ్లు చలి, రెండూ మూస్తే పగలు ఉక్క. లోడర్లు పెట్టెల్ని ఇటువి అటూ అటువి ఇటూ మార్చి మార్చి, ఈ ఉద్యోగం కన్నా పసిపిల్లల్ని ఎత్తుకునే ఉద్యోగం మేలని నవ్వుకునేవాళ్లు. ఆయనకి నవ్వు రాలేదు. కునుకు తీసినా చెవుల్లో అదే కిచకిచ.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన భార్య షెడ్డుకి వచ్చింది. మొగుడి మీద బెంగతో కాదు, కోపంతో వచ్చింది. విమానాలు ఆగిపోతే జనం ఎక్కడికి పోతారు? హోటళ్లన్నీ నిండిపోయాయి. గదికి ఇద్దరుండే చోట అయిదుగురు. లాండ్రీలో దుప్పట్లు కొండలా పేరుకున్నాయి. పనివాళ్లు ఇద్దరు జ్వరమని మానేశారు. ఇంటికొస్తే మొగుడు లేడు. రెండు రోజులుగా ఆయన ఇంటి గడప తొక్కలేదు.

"ఊరంతా నిద్రపోయిన దుప్పట్లు నేను ఉతుకుతున్నాను. మీరేమో ఇక్కడ కోళ్లకి కాపలా. ఇల్లు ఎవరి పేర రాసేద్దాం?" అంది లోపలికొస్తూనే.

ఆయన తల ఒక పక్కకి వంచి ఏదో వింటున్నాడు. తూర్పు గోడ వైపు మూలనున్న వరసలో అరుపు తగ్గింది. ముందు పలచబడింది, తర్వాత అక్కడక్కడ ఒకటీ రెండూ గొంతులు, తర్వాత అవీ లేవు. మిగతా షెడ్డంతా అరుస్తూనే ఉంది గనక వేరేవాళ్లకి తెలియలేదు. మూడు రోజులుగా అదే వింటున్న చెవి గనక ఆయనకి తెలిసింది.

ఆయన వెళ్లి మూల పెట్టె దగ్గర వంగి చిల్లులోంచి చూశాడు. భార్య కూడా పక్కనే వంగి చూసింది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి కళ్లు మూసుకుని ఉన్నాయి. కొన్ని ఊపిరి తీస్తున్నాయి. కొన్ని తీయడం లేదు.

ఆయన లేచి ఫోన్ తీసి మళ్లీ డాక్టరు నంబరు నొక్కబోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నీ చచ్చాక ఆ సీళ్లు ఎవరికి చూపిస్తారండీ?" అంది. ఈసారి గొంతులో కోపం లేదు.

సీళ్లాయన ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆ షెడ్డులో చేరిన నాటినుంచి ఆయన ఎవరి సీలూ తెంచలేదు. తెంచినవాళ్లని పట్టించాడు. ఇప్పుడు తన చేత్తో నొక్కిన సీలుని తానే తెంచాలి. బల్ల సొరుగులోంచి కత్తెర తీశాడు. లోడర్లు చూస్తున్నారని తెలుసు. మూల పెట్టె తాడు కత్తిరించాడు. ఆ తర్వాతది కత్తిరించాడు. మూడోది కత్తిరించాక లోడర్ల వైపు తిరిగి, "చూస్తారేం, రండి. కోసింది నేనే. మీరు మోయండి చాలు" అన్నాడు.

తెరవడం అయితే తెరిచాడు గాని తర్వాత ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. కోడిపిల్లని చేత్తో పట్టుకోవడం కూడా అదే మొదలు. ఊరి చివర కోళ్లఫారం నడిపే ఒకావిడ ఉందని ఒక లోడరు గుర్తుచేశాడు. ఫోన్ చేస్తే ఆవిడ ఫోన్లో తిట్టడం మొదలుపెట్టింది. మూడు రోజులు పెట్టెల్లో ఉంచుతారా, మీరు మనుషులేనా అని. తిడుతూనే జొన్ననూకా మొక్కజొన్న పిండీ వ్యాన్లో వేయించింది, తిడుతూనే తనూ ఎక్కి వచ్చింది. వచ్చి చూసి, తిట్టడం మాని కొంగు నడుముకి చుట్టింది.

పిల్లలకి నీళ్లు తాగడం రాదట. తల్లి చూపిస్తే నేర్చుకుంటాయి. తల్లి లేదు గనక ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ముక్కు నీళ్లలో ముంచాలి. ఒకసారి ముంచితే చాలు, ఆ తర్వాత దానికే తెలుస్తుంది. కాని ఆ ఒక్కసారి అన్నిటికీ ముంచాలి.

ఖాళీ అట్టపెట్టెలు చింపి గోడల్లా నిలబెట్టి షెడ్డు మధ్యలో దడి కట్టారు. మరమ్మతు షెడ్డులోంచి వేడి దీపాలు తెచ్చి వేలాడదీశారు. నున్నటి నేల మీద పిల్లలకి కాళ్లు జారి చీలిపోతాయని ఫారం ఆవిడ చెబితే, సీళ్లాయన భార్య లాండ్రీకి మనిషిని పంపి, చిరిగిపోయి పక్కన పడేసిన హోటల్ దుప్పట్లన్నీ తెప్పించి పరిపించింది. పని లేక టీ తాగుతూ కూర్చున్న వాళ్లందర్నీ పిలిచారు. టిక్కెట్ల కౌంటరు అమ్మాయిలు వచ్చారు. బస్సు డ్రైవర్లు వచ్చారు. మొదటిరోజు మధ్యాహ్నం విమానాన్ని ఇక్కణ్నుంచి నడపాల్సి, హోటల్లో ఇరుక్కుపోయిన పైలట్ కూడా వచ్చి, టోపీ తీసి కిటికీలో పెట్టి, గిన్నె ముందు చతికిలబడ్డాడు.

సీళ్లాయన ఆయన ఎదుట కూర్చున్నాడు. ఒక పిల్లని ముంచి పక్కకి వదిలి, ఇంకోదాన్ని అందుకుంటూ, మూడు రోజులుగా కడుపులో ఉడుకుతున్న మాట అడిగేశాడు. ఇంత శుభ్రమైన ఆకాశంలో ఎగరడానికి మీకేం అడ్డం అని.

పైలట్ నిట్టూర్చాడు. హోటల్లో, లిఫ్టులో, మంగలి దగ్గర, ఎక్కడికెళ్లినా అదే ప్రశ్నట. వాళ్లమ్మ కూడా ఫోన్ చేసి, భయమేస్తే ఉద్యోగం మానెయ్యి గాని వంకలు పెట్టకు అందట.

"అది పొయ్యిలో బూడిద కాదండీ. కట్టె కాలిన బూడిదైతే ఊదితే పోతుంది. ఇది రాయి. ఇంకా చెప్పాలంటే నూరిన గాజు" అన్నాడు. "ఇంజన్ గాలిని పీల్చుకుంటుంది కదా, దాంతో పాటు ఇదీ లోపలికి పోతుంది. లోపలి మంటకి కరుగుతుంది. కరిగినది మంట దాటి వెనక ఫ్యానులా తిరిగే రెక్కల దగ్గరికి వచ్చేసరికి గడ్డకట్టి అతుక్కుపోతుంది. గొంతులో అన్నం ముద్ద అడ్డుపడినట్టు. ఇక ఇంజన్‌కి ఊపిరాడదు."

మరి మేఘాన్ని తప్పించుకుని పోవచ్చు కదా అన్నాడు సీళ్లాయన.

"కనపడితే కదా తప్పించుకోను? వానమబ్బులో నీళ్లుంటాయి, నా ముందున్న రాడార్‌కి దొరుకుతుంది. ఈ పొడి దొరకదు. పలచగా పరుచుకుంటే కంటికీ ఆనదు. అద్దానికి తగిలితే గరుకు కాగితంతో రుద్దినట్టు అద్దం తెల్లబడిపోతుంది. వెనక రెండువందల మంది, ముందు ఏమీ కనపడని అద్దం. దిగమంటే ఎలా దిగను?"

సీళ్లాయన చేతిలో పిల్ల చల్లటి నీళ్లు మింగి తల విదిలించింది. చుక్కలు ఆయన కళ్లజోడు మీద పడ్డాయి. ఆయన తుడుచుకోకుండా కాసేపు పైలట్‌నే చూశాడు. మూడు రోజులుగా ఈ మనుషులందర్నీ మనసులో తిట్టినందుకు కొంచెం సిగ్గేసింది. సిగ్గేసినందుకు మళ్లీ చిరాకేసింది. తప్పు ఎవరిదీ కానప్పుడు కోపం ఎవరి మీద చూపించుకోవాలి?

"అయితే ఆ పర్వతాన్నే తిట్టుకోవాలన్నమాట" అన్నాడు చివరికి.

"నేనదే చేస్తున్నాను" అన్నాడు పైలట్, ఇంకో పిల్లని అందుకుంటూ.

దీపాలు పెట్టే వేళకి అన్నిటి ముక్కులూ తడిశాయి. మూల వరసలో పెట్టెకి సగం చొప్పున పోయాయి. వాటిని సీళ్లాయనే గోనెసంచిలో వేసి, ఎవర్నీ రానివ్వకుండా తీసుకెళ్లి ఫెన్సింగు పక్కన పూడ్చి వచ్చాడు. మిగతావి దీపాల కింద గుంపులు గుంపులుగా చేరి, నూక మీద పడి తిని, ఉన్నట్టుండి ఎక్కడివక్కడ పడి నిద్రపోయాయి. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని అలాగే నిద్రపోయింది. లాండ్రీ నుంచి ఫోన్ మోగుతుంటే సీళ్లాయన తీసి, ఆవిడ రేపు వస్తుందని చెప్పి పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు దగ్గరికి స్వయంగా వెళ్లి, సీళ్లు తెంచింది తనేనని చెప్పాడు. మేనేజరు తల పట్టుకున్నాడు. నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది కదా, చెప్పాక విచారణ పెట్టకుండా ఎలా ఉండను అని ఆయన బాధ. పెట్టుకోండి, ముందు షెడ్డుకి ఇంకో రెండు దీపాలు ఇప్పించండి అన్నాడు సీళ్లాయన.

ఆ తర్వాత ఇంకో మూడు రోజులకి గాలి మళ్లింది. పటంలో గీత సముద్రం మీదికి జరిగింది. మొదటి విమానంలోనే పశువుల డాక్టరు దిగాడు. గడ్డం మాసిపోయి, చొక్కా నలిగిపోయి, కుర్చీల్లో పడుకుని పడుకుని మెడ ఒక పక్కకి పట్టేసి ఉంది. తిన్నగా షెడ్డుకే వచ్చాడు. ఈలోపు పిల్లలకి రెక్కల దగ్గర ఈకలు మొలిచాయి. దడి మీదకి ఎగరబోయి పడుతున్నాయి. సముద్రం అవతలి వాళ్లు అప్పటికే ఫోన్ చేసి, మేం అడిగింది రోజు పిల్లల్ని, ఈ వయసువి మాకొద్దు అనేశారు.

డాక్టరు తెగిన తాళ్లని చూశాడు. పిల్లల్ని చూశాడు. తెరిచిన సరుకు దేశం దాటకూడదు, వచ్చిన చోటికీ పోకూడదు. రూలు ప్రకారం ఇక మిగిలింది ఒక్కటే, చంపి పూడ్చెయ్యడం అన్నాడు.

సీళ్లాయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా అరవలేదు. "డాక్టరు గారూ, మీ రూలు కన్నా కఠినమైన రూళ్లు నేను నా ఉద్యోగమంతా మోశాను. ఒక్కసారి తెంచాను. తెంచింది వీటిని పూడ్చడానికి కాదు" అన్నాడు.

డాక్టరు పట్టేసిన మెడని చేత్తో నొక్కుకుంటూ ఒక చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. అలిసిపోయిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడ్నుంచి వస్తుంది? కాసేపయ్యాక వంగి ఒక పిల్లని పట్టుకుని కళ్లు చూశాడు, రెక్క విప్పి చూశాడు, ముడ్డి చూశాడు. ఇంకో పిల్లని చూశాడు. అలా మూల మూలకీ వెళ్లి చూసొచ్చాడు.

"రోగం ఏమీ లేదు. కాని వీటికి ఒక దిక్కు ఉండాలి కదా. ఎవరి పేర రాయను?" అన్నాడు.

ఫారం ఆవిడ నీళ్ల గిన్నెలు కడుగుతున్నదల్లా చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. తన దగ్గర ఖాళీ షెడ్డు ఒకటి ఉందనీ, తన కోళ్లతో కలపకుండా ఎన్నాళ్లుంచమంటే అన్నాళ్లు విడిగా ఉంచుతాననీ చెప్పింది. డాక్టరు వారం వారం తానే వచ్చి చూస్తానని రాసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం వ్యాన్లు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లాయి. లోడరు ఆఖరి వ్యాను వెనక తలుపు పట్టుకుని, సీలు కోసం అలవాటుగా సీళ్లాయన వైపు తిరిగి నిలబడ్డాడు. "గడియ పెట్టు చాలు" అన్నాడు ఆయన.

విచారణ అయ్యేదాకా సీళ్లాయన్ని ఇంటి దగ్గర ఉండమన్నారు. పనిరోజుల్లో ఇంట్లో ఉండటం ఆయన ఎరగడు. మొదటిరోజు అలమరాలు సర్దాడు. రెండోరోజు సర్దినవి మళ్లీ సర్దాడు. మూడోరోజు భార్య భరించలేక తన వెంట లాండ్రీకి లాక్కుపోయింది. ప్రయాణికులు వెళ్లిపోయినా వాళ్లు వదిలేసిన దుప్పట్లు ఇంకా తరగలేదు. ఆవిడ ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని మడతపెట్టేవాళ్లు. అంచుకి అంచు కలవలేదని ఆయన గునిస్తే, కలవకపోయినా మనుషులు నిద్రపోతారు లెండి అనేది ఆవిడ. పక్కన ఇస్త్రీ చేసే ఆడవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. ఆయన గునుస్తూనే మడతలు పెట్టేవాడు.

విచారణలో పెద్దగా ఏమీ తేలలేదు. సీలు తెంచడం తప్పే, తెంచకపోయి ఉంటే అంతకన్నా పెద్ద తప్పయ్యేది అని రాసి, ఆయనకో మెమో ఇచ్చారు. ఖాళీ అయితే ఆయనకే ఇస్తామని ఎప్పట్నుంచో అంటున్న పై పోస్టు మాత్రం ఇంకొకరికి ఇచ్చారు. దాని గురించి ఆయన ఇంట్లో ఒకే ఒక్కసారి మాట్లాడాడు. ఆ కుర్చీలో కూర్చోవాలంటే మెట్లెక్కాలి, నా మోకాళ్లకి పడదు అన్నాడు. భార్య ఆ మాట నమ్మలేదు. నమ్మనట్టు కనపడలేదు కూడా. బూడిద కబురు ఉన్న రోజుల్లో ప్రాణమున్న సరుకు అసలు తీసుకోకూడదని కొత్త రూలు మాత్రం పైనుంచి వచ్చింది.

తిరిగి పనిలోకి వెళ్లిన రోజు షెడ్డు తలుపు తీసేసరికి గుప్పుమని కోళ్ల వాసన కొట్టింది. మూడుసార్లు ఫినాయిల్ పోసి కడిగించినా పోవడం లేదని లోడర్లు మొర పెట్టుకున్నారు. బయట రన్‌వే మీంచి ఒక విమానం లేస్తోంది. ఆ రొదలో వాళ్ల మాట సగం వినపడలేదు. సీళ్లాయన ముక్కు మూసుకుని లోపలికి నడిచి, కిటికీలన్నీ తియ్యండని సైగ చేసి, ఆ రోజు వచ్చిన మొదటి పెట్టె తాడు లాగి చూశాడు.